పాత కారు ఇంజన్: విప్పి బాగుచేయించాలా, దించి ఇంకోటి ఎక్కించాలా?

2024 ఫిబ్రవరి, మేడారం జాతర. తల్లుల దర్శనం చేసుకుని తిరిగొస్తుంటే పస్రా దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. మా బావ బండి 2012 మోడల్ స్విఫ్ట్ డీజిల్, ఏపీ 36 నంబరు. ఐదుగురం ఎక్కి, ఏసీ వేసుకుని, గంటన్నర సేపు ఫస్ట్ గేరులోనే పాకించాం. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. "ములుగు దాకా పోదాం, అక్కడ నీళ్లు పోసుకుందాం" అన్నాడు బావ. ములుగు రానేలేదు. బానెట్ కింద నుంచి ఆవిరి, కాసేపు టకటకమని చప్పుడు, ఆ తర్వాత చప్పుడు కూడా లేదు.

మర్నాడు బండిని ట్రాలీ మీద హనుమకొండకు తెచ్చి తెలిసిన షెడ్డులో పెట్టాం. రెండు రోజుల్లో రెండు ధరలు వచ్చాయి. షెడ్డు మిస్త్రి "ఫుల్ ఇంజన్ పని సార్, తొంభై ఐదు వేలు, ఇరవై రోజులు" అన్నాడు. ఆటోనగర్‌లో ఇంకొకాయన "హైదరాబాద్ నుంచి ఇంజన్ తెప్పిస్తా, అరవై ఐదు వేలు, నాలుగో రోజు బండి తీసుకపో" అన్నాడు. ముప్పై వేలు తక్కువ, పదహారు రోజులు ముందు. బావ మనసు ఎటు లాగిందో వేరే చెప్పక్కర్లేదు.

పాత బండి ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ పంచాయితీ వస్తుంది. వచ్చినప్పుడు అందరూ చేసేది ఒకటే, ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడటం. కానీ అవి ఒకే సరుకుకు చెప్పిన రెండు ధరలు కావు. మొదటిది విప్పి కొలిచి చేసే పనికి ధర. రెండోది ఎవరూ లోపల చూడని వస్తువుకు ధర. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు మాటల గొడవ తేల్చుకోవాలి. "ఇంజన్ పని" అనే రెండు మాటల్లో కనీసం మూడు వేర్వేరు పనులున్నాయి. ఒకటి పైపని: హెడ్ (ఇంజన్ పైమూత) దించి, దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ మార్చి, హెడ్ అడుగును చదును చేసే ఫేసింగ్ చేయించి, వాల్వులు సీటింగ్ చేసి, వాల్వు సీళ్లు మార్చడం. రెండోది హాఫ్ ఇంజన్: దీంతోపాటు సిలిండర్లలో పైకీ కిందికీ ఆడే పిస్టన్లు బయటికి తీసి వాటి రింగులు, రాడ్ బేరింగులు మార్చడం. మూడోది ఫుల్ ఇంజన్: బ్లాకును (సిలిండర్లుండే ఇంజన్ మొద్దును) లేత్ షాపుకు పంపి, సిలిండరు లోపలి గోడను, అంటే బోరును, చెక్కి పెంచే బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు వేసి, పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంకుకు గ్రైండింగ్ చేయించి, బేరింగులు, ఆయిల్ పంపు, టైమింగ్ చైన్ అన్నీ కొత్తవి వేయడం. తిరకాసు ఏంటంటే ఒక షెడ్డులో హాఫ్ అనేది ఇంకో షెడ్డులో ఫుల్ అవుతుంది. ఒకరి తొంభై ఐదు వేలలో ఆయిల్ పంపు ఉంటుంది, ఇంకొకరి డెబ్బై వేలలో ఉండదు. కాబట్టి ధర అడిగేటప్పుడు "ఎంతవుతుంది" అని కాదు, "ఏమేం మారుస్తున్నావు, ఏమేం పాతవే వేస్తున్నావు" అని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. రాయనంటే ఇంకో షెడ్డు చూసుకోవడం మేలు.

దించి ఎక్కించడంలోనూ రకాలున్నాయి. కంపెనీ నుంచి కొత్త ఇంజన్ బ్లాకు తెప్పించుకోవచ్చు, కానీ పదేళ్లు దాటిన బండికి ఆ ఖర్చు పెట్టేవాళ్లు అరుదు. ఎవరో ఒకసారి బాగుచేసి పెట్టిన ఇంజన్ కొనవచ్చు. ఎక్కువమంది కొనేది మాత్రం మూడో రకం, యాక్సిడెంట్ అయిన బండి నుంచో తుక్కుకు పోయిన బండి నుంచో దించిన సెకండ్ హ్యాండ్ ఇంజన్. ఇక్కడ నేను మాట్లాడేది దాని గురించే.

అసలు ఇంజన్ పోయిందా?

ఈ ప్రశ్న అడగకుండానే లక్ష రూపాయలు పెట్టినవాళ్లు నాకు తెలుసు. పొగ వస్తే చాలు, "బోర్‌కు వచ్చింది సార్", అంటే బోరింగ్ చేయాల్సిందే అనేస్తారు. నీలం పొగ అంటే ఆయిల్ మండుతున్నట్టే, నిజమే. కానీ ఆయిల్ ఏ దారిన వస్తోంది? పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక నిమిషం వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడి ఉండొచ్చు. రాత్రంతా ఆయిల్ బొట్టుబొట్టుగా దిగి పొద్దున మండుతుంది. అది పైపని, వేలల్లో తేలుతుంది. డీజిల్ బండిలో టర్బో (ఇంజన్‌లోకి గాలిని నెట్టే ఫ్యాను) సీలు పోయినా నీలం పొగే వస్తుంది. ఆ గాలి వెళ్లే ఇంటర్‌కూలర్ పైపు ఊడదీసి చూస్తే లోపల ఆయిల్ మడుగు కడుతుంది. నల్ల పొగ అయితే ఎక్కువసార్లు డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టరు, టర్బో పైపుల లీకు. తెల్ల పొగ వస్తూ ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడాలి.

ఆయిల్ మూత తీసి ఇంజన్ నడుస్తుండగా చూస్తే కొంత అర్థమవుతుంది. లోపలి నుంచి పొగ ఊపిరి పీల్చి వదిలినట్టు ఎగదన్నుతుంటే మిస్త్రీలు దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. రింగులు, బోరు సరిగా పట్టక మండిన గాలి కిందికి జారుతోందన్నమాట. మూత లోపల టీ రంగు నురగ కనపడితే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నట్టు.

వీటన్నిటికంటే నమ్మదగినది కంప్రెషన్ టెస్టు, అంటే సిలిండరులో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో కొలవడం. దానికి వెయ్యి, పదిహేను వందల కంటే ఎక్కువ కాదు. పెట్రోల్ ఇంజన్‌కు మామూలుగా ఒక్కో సిలిండరులో చదరపు సెంటీమీటరుకు 12 నుంచి 14 కిలోలు, డీజిల్‌కు 25 నుంచి 30 కిలోల మధ్య చూపాలి. అంకె ఎంతన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. నాలుగూ సమానంగా కాస్త తక్కువ చూపిస్తే ఇంజన్ వయసు మీద పడిందనుకోవాలి. మూడు బాగుండి ఒకటి పడిపోతే అక్కడ ఏదో విరిగిందో, కాలిందో. పెట్రోల్ బండికైతే తక్కువ చూపిన సిలిండరులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే రింగులు, బోరు దెబ్బతిన్నాయి. పెరగకపోతే వాల్వులైనా, గ్యాస్కెట్ అయినా పోయి ఉండాలి. ఈ ఒక్క చెంచాడు ఆయిల్ పైపనికీ ఫుల్ ఇంజన్‌కీ మధ్య యాభై వేల తేడాను తేల్చేస్తుంది.

బావ బండి కాసేపు చల్లారాక తిరిగింది గానీ నాలుగు కాళ్ల మీద నిలబడలేదు. కంప్రెషన్ వరుసగా 27, 26, 17, 15. సందేహం లేదు, లోపలికి పోవాల్సిందే.

గోరు చెప్పిన మాట

హెడ్ దించాక మిస్త్రి బావను పిలిచాడు. సిలిండరు పైఅంచు దగ్గర, అర అంగుళం కింద వేలు పెట్టించి "గోరుతో గీకి చూడు సార్, తాకుతున్నదా?" అన్నాడు. తాకింది. లోపల ఒక సన్నని గట్టు. కొత్త ఇంజన్‌లో అక్కడ గట్టు ఏమీ లేకుండా సమంగా ఉండాలి. పిస్టన్ రింగు ఎక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతుందో అక్కడ గోడ అరిగి, ఆపైన అరగని భాగం గట్టులా మిగిలిపోతుంది.

అక్కడే ఎందుకు ఎక్కువ అరుగుతుంది? మండే గాలి ఒత్తిడి, వేడి అక్కడే ఎక్కువ. రింగు క్షణకాలం ఆగి వెనక్కి మళ్లేది అక్కడే, కాబట్టి ఆయిల్ పొర పల్చబడుతుంది. దీనికి దుమ్ము తోడైతే చెప్పక్కర్లేదు. బావ ఉద్యోగం భూపాలపల్లిలో, బొగ్గు లారీల వెనకాల రోజూ ప్రయాణం. ఎయిర్ ఫిల్టరు మార్చే గడువు ఎన్నోసార్లు దాటించాడు. కరీంనగర్ గ్రానైట్ క్వారీల వైపు తిరిగే బండ్లది, రామగుండం, మందమర్రి బొగ్గు రోడ్ల మీద తిరిగే బండ్లది ఇదే కథ. ఫిల్టరు దాటిన దుమ్ము లోపల గరుకు కాగితంలా పని చేస్తుంది.

ఇంతేకాదు, మూడు, నాలుగు సిలిండర్ల గోడల మీద నిలువుగా గీతలు కనపడ్డాయి. వేడికి పిస్టన్ ఉబ్బి గోడను రాసుకుంది. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో నూరో వంతుల్లో లెక్క. అది మూసుకుపోతే ఆయిల్‌కు చోటుండదు.

ఇక్కడ హాఫ్ ఇంజన్ చేయించి ఉంటే ఏమయ్యేది? కొత్త రింగు గుండ్రంగా ఉంటుంది, అరిగిన బోరు గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డులా కొంచెం కోలగా, పైన వెడల్పు, కింద ఇరుకుగా ఉంటుంది. అందులో కొత్త రింగు వేస్తే ఒకచోట తాకుతుంది, ఒకచోట తాకదు. మొదటి రెండు నెలలు బండి హుషారుగా నడుస్తుంది, ఆరో నెలలో మళ్లీ ఆయిల్ తాగుతుంది. అప్పుడు రెండోసారి విప్పిన కూలీ, రెండోసారి గ్యాస్కెట్లు, రెండోసారి ఆయిల్. నలభై వేలకు చేయించిన హాఫ్ ఇంజన్ చివరికి లక్షా ముప్పై వేలకు తేలుతుంది. నా లెక్కలో అన్నిటికంటే ఖరీదైన పని ఇదే. బోరు కొలవకుండా రింగులు మార్చొద్దు.

కొలవడం అంటే బోర్ గేజ్ పెట్టి కొలవడం. ఒక్కో సిలిండరును పైన, మధ్యన, కింద మూడు చోట్ల, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి అంకెలు రాయాలి. లేత్ వాళ్లు ఆ చీటీ ఇస్తారు. క్రాంకుకూ అంతే, మైక్రోమీటరుతో బేరింగులు కూర్చునే ప్రతి జర్నల్‌నూ కొలవాలి. హెడ్ వంగిందా లేదా అన్నది నిఖార్సైన స్కేలు బద్ద పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూస్తారు. చాలా కార్లకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు వంపు దాటితే ఫేసింగ్ చేయించాల్సిందే. ఈ ఇంజన్‌లో బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. అదే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. బండి కాగిపోయిన ప్రతిసారీ ముందు వంగేది హెడ్డే, ముందు పోయేది గ్యాస్కెటే.

అరుగుడు పరిమితిలో ఉంటే పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్లు వేసి బోరును అంతమేరకు పెంచుతారు. అలాంటి పిస్టన్లు దొరకని ఇంజన్లకు, గీతలు లోతుగా పడ్డవాటికి బోరులో కొత్త గొట్టం, అంటే స్లీవ్, వేసి మళ్లీ స్టాండర్డ్ సైజుకు తెస్తారు. బావ బండికి నాలుగింటికీ స్లీవ్‌లు వేశారు. ఈ పనిలో మిస్త్రి పేరు అందరూ తలుస్తారు, లేత్ పేరు ఎవరూ తలవరు. నిజానికి ఇంజన్ ఎన్నేళ్లు నడుస్తుందో తేలేది ఎక్కువగా లేత్ మీదే. బోరు గోడ మీద ఆయిల్ నిలవడానికి గీసే హోనింగ్ గీతలు సరిగా పడకపోతే ఎంత మంచి కంపెనీ రింగు వేసినా సీట్ అవ్వదు. షెడ్డు ఎంచుకునేటప్పుడు "లేత్ పని ఎక్కడ చేయిస్తావు" అని అడిగితే సగం సంగతి తెలిసిపోతుంది.

మీటరు వేరే బండిలో ఉండిపోయింది

ఇప్పుడు అరవై ఐదు వేల ఇంజన్ సంగతి. అమ్మేవాళ్లు ఎప్పుడూ చెప్పే మాట "ఎనభై వేల కిలోమీటర్లే తిరిగింది". బండి కొనేటప్పుడైతే కనీసం డ్యాష్‌బోర్డులో మీటరు చూస్తాం. ఇంజన్‌కు మీటరు ఉండదు కదా. అది దించిన బండితోపాటే ఎక్కడో తుక్కులో ఉండిపోయింది. ఎనభై వేలా, రెండు లక్షల ఎనభై వేలా అన్నది ఇంజన్ ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. చక్కగా కడిగి, వెండి రంగు వేసి ఉంటే ఇంకా చెప్పలేరు.

ఈ ఇంజన్ విషయంలో ఒక సంగతి మాత్రం తేదీతో సహా చెప్పొచ్చు. ఇది ఫియట్ డిజైన్ చేసిన 1248 సీసీ మల్టీజెట్. మారుతి, టాటా, ఫియట్ మూడూ దీన్ని వాడాయి. మారుతి తన డీజిల్ కార్లను 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనల రాకతో ఆపేసింది. అంటే స్విఫ్ట్‌కు సరిపోయే డీజిల్ ఇంజన్ ఎంత కొత్తది దొరికినా అది 2020 ఏప్రిల్‌కు ముందుదే. ఇందులో మంచి కూడా ఉంది. లక్షల బండ్లలో ఉన్న ఇంజన్ కాబట్టి పిస్టన్లు, బేరింగులు, గ్యాస్కెట్ కిట్లు వరంగల్‌లోనే దొరుకుతాయి, లేదంటే సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి మర్నాడు వస్తాయి. అంటే బాగుచేయించడం కూడా సులువే.

సరే, ఒకేలా ఉన్న ఇంజన్లన్నీ ఒకటేనా? అదీ కాదు. స్విఫ్ట్, డిజైర్‌లలో ఇదే ఇంజన్ 75 హార్స్‌పవర్‌ది, ఎర్టిగాలో 90ది. బ్లాకు చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. టర్బో వేరు, ఈసీయూలో (ఇంజన్‌ను నడిపే కంప్యూటరులో) రాసిన లెక్కలు వేరు. ఇండికా విస్టాలో ఉన్నదీ ఇదే కుటుంబమే, కానీ చుట్టూ ఉన్న బ్రాకెట్లు, వైరింగు వేరు. "సెట్ అవుతుంది సార్" అన్నాక సెట్ చేయడానికి పట్టే రోజులు నాలుగు కాదు, పద్నాలుగు. దానికితోడు ఈ తరం డీజిల్ ఇంజెక్టర్లకు ఒక్కోదానికి ఒక కోడ్ ఉంటుంది. ఇంజెక్టరు మారితే స్కానరు పెట్టి ఆ కోడ్ ఈసీయూలో ఎక్కించాలి. ఎక్కించకపోతే బండి నడుస్తుంది, కానీ వణుకుతూ, పొగ కక్కుతూ నడుస్తుంది.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొనడం తప్పని నేననను. కొన్నిచోట్ల అదే సరైన దారి. రాడ్ విరిగి బ్లాకు గోడ పగలగొట్టుకుని బయటికొచ్చిందనుకోండి, ఇక కొలవడానికి ఏముంది? 2023 జూలై వరదల్లో వరంగల్ కాలనీల్లో ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన బండిని నీళ్లు తీయకుండా స్టార్ట్ చేస్తే నీళ్లు సిలిండరులోకి పోతాయి. నీటిని గాలిలా నొక్కలేం కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, బ్లాకు పగలొచ్చు. అలాంటప్పుడు ఇంజన్ మార్చడమే చవక. అసలు పాలసీతోపాటు విడిగా కొనే ఇంజన్ ప్రొటెక్ట్ కవరు తీసుకుని ఉంటే అది ఇన్సూరెన్స్ వాళ్ల తలనొప్పి. అరుగుదలకు మాత్రం మామూలుగా పాలసీలు పైసా ఇవ్వవు. ఆల్టో, వ్యాగనార్ లాంటి చిన్న పెట్రోల్ బండ్లకు కూడా మార్పిడి లెక్క తరచూ కుదురుతుంది, ఎందుకంటే ఆ ఇంజన్లు సరళం, విరివిగా దొరుకుతాయి, తేడా వచ్చినా పోయేది తక్కువ.

కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న కిలోమీటర్లు కాదు, "ఆ బండి ఎలా చచ్చింది?" వెనక నుంచి లారీ గుద్దిన కారు ఇంజన్ అయితే మేలైనది. ముందు నుంచి గుద్దుకున్నదైతే రేడియేటరు పగిలాక ఇంజన్ ఎంతసేపు నడిచిందో తెలియదు. నీట మునిగినదైతే వద్దు. రెండోది, కంప్రెషన్ మన ఎదురుగా కొలిపించాలి. స్టార్టర్, బ్యాటరీ పెట్టి బల్ల మీద కూడా కొలవొచ్చు. కుదరదంటే ఆ ఇంజన్ మనది కాదు. మూడోది, ఆయిల్ ఛాంబరు విప్పి అడుగున ఇత్తడి, వెండి రంగు పొట్టు ఉందా చూడాలి. నిమిషాల పని, బేరింగుల కథ మొత్తం చెప్పేస్తుంది.

ఆర్సీలో ఉన్న ఆ నంబరు

ఇంజన్ మార్పులో చాలామంది మర్చిపోయేది కాగితం. ఇంజన్ నంబరు బ్లాకు మీద కొట్టి ఉంటుంది, ఆర్సీలోనూ ఇన్సూరెన్స్‌లోనూ అదే ఉంటుంది. బాగుచేయిస్తే బ్లాకు మారదు కాబట్టి నంబరూ మారదు. వేరేది ఎక్కిస్తే మారుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పుకు రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి ఉండాలి. ముందు తీసుకోకుండా మార్చితే 14 రోజుల్లో తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో అనుమతి లేని మార్పుకు 5 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ పడొచ్చు.

జరిమానా కంటే నన్ను భయపెట్టేది ఇంకోటి. ఆ ఇంజన్ దొంగబండిది అయితే? రేపు ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) కోసమో, అమ్మకానికో పోయినప్పుడు నంబరు చెక్ చేస్తే సమాధానం చెప్పాల్సింది మనమే. అందుకే ఇంజన్‌తోపాటు బిల్లు, అది దిగిన బండి ఆర్సీ నకలు, తుక్కు చేసిన కాగితమో బండి పూర్తిగా పోయిందని ఇన్సూరెన్స్ వాళ్లిచ్చిన టోటల్ లాస్ కాగితమో అడగాలి. "అవన్నీ ఎవరు అడుగుతరు సార్" అని నవ్వితే ఆ నవ్వుకే అరవై ఐదు వేలు కడుతున్నట్టు.

ముప్పై వేల తేడా ఎటు పోయింది

మేం ఒక సాయంత్రం హనుమకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ పేపరు మీద వేసిన లెక్క ఇది. ధరలు మా బండికి, ఆ నెలకు సంబంధించినవి. మీ బండికి వేరే ఉంటాయి, వేసే పద్ధతి చూడండి.

మార్చే ఇంజన్ 65 వేలు. ఇంజన్ బయట ఉన్నప్పుడే టైమింగ్ చైన్ కిట్, వాటర్ పంపు కొత్తవి వేయాలి, లేదంటే ఆర్నెల్లకు దానికోసం మళ్లీ విప్పాలి, 11 వేలు. సీళ్లు, గ్యాస్కెట్లు, ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు 8 వేలు. ఇంజెక్టర్లు చెక్ చేయించి కోడింగ్ చేయించడం 5,500. రేడియేటరు 6,500. రవాణా, ఆర్సీ పని 4 వేలు. మొత్తం లక్ష.

బాగుచేయించే పని 95 వేలు. అందులో చైన్, పంపు, గ్యాస్కెట్లు, ఆయిల్ అన్నీ ఉన్నాయి, రాయించుకున్నాం. దానికి రేడియేటరు 6,500, రెండు ఇంజెక్టర్ల నాజిల్స్‌తో సహా సర్వీసింగు 10,500. మొత్తం లక్షా 12 వేలు.

ముప్పై వేలు పన్నెండు వేలకు దిగింది. ఇప్పుడు అసలు పోలిక. బావ నెలకు పదిహేను వందల కిలోమీటర్లు తిరుగుతాడు. కొలిచి, స్లీవ్‌లు వేసి చేసిన ఇంజన్ సరిగా చూసుకుంటే లక్ష కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం, కిలోమీటరుకు రూపాయి పన్నెండు పైసలు. తెచ్చిన ఇంజన్ కూడా లక్ష నడిస్తే రూపాయే, అదే గెలిచినట్టు. కానీ 60 వేలే నడిస్తే రూపాయి అరవై ఏడు పైసలు, 30 వేలకే పొగ పెడితే మూడు రూపాయల ముప్పై మూడు పైసలు, మళ్లీ ఇదే చౌరస్తా, ఇదే చాయ్. ఒక లెక్కలో అంకె ఒక్కటే, రెండో లెక్కలో అది మూడు రకాలుగా ఊగుతోంది. ఊగేదాన్ని కొనాలంటే అది పన్నెండు వేల కంటే చాలా ఎక్కువే చవకగా ఉండాలి. యాభై వేలు తేడా ఉంటే నేనూ ఆలోచించేవాణ్ని.

"రిపేరు ఖర్చు బండి ధరలో సగం దాటితే చేయించొద్దు" అని మా చిన్నాయన వాదన. పెద్దలు చెప్పే లెక్కే గానీ సగమే చెబుతుంది. ఆగిపోయిన బండిని అలాగే అమ్మితే ఎంతొస్తుంది, నడిచే బండికి ఎంతొస్తుంది, ఆ తేడా చూడాలి. తర్వాత, ఆ డబ్బుతో కొనబోయే ఇంకో పాత బండి ఇంజన్ ఎవరు విప్పి చూశారు? బాడీ, సస్పెన్షన్, గేర్‌బాక్స్ గట్టిగా ఉండి, మనకు తెలిసిన బండి అయితే ఆ తెలియడానికీ ఓ విలువ ఉంది. కింద ఛాసిస్ తుప్పు పట్టి, గేర్‌బాక్స్ కూడా మూలుగుతుంటే మాత్రం రెండు దారులూ మూసేసి బండిని వదిలించుకోవడం నయం.

ఆర్సీ గడువు కూడా లెక్కలోకి రావాలి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5 వేలకు పెరిగింది, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ వేరే. బావ బండికి 2027 దాకా ఉంది, ఒకసారి పొడిగిస్తే 2032. లక్ష కిలోమీటర్లకు అయిదున్నరేళ్లు పడుతుంది కాబట్టి లెక్క కుదిరింది. అదే ఇంకో ఏడాదిలో గడువు తీరే బండి అయితే ఆ పొడిగింపు ఖర్చు కూడా కలిపి చూసుకోవాలి.

రేడియేటరులో సున్నం

చివరికి బావ బాగుచేయించడానికే ఒప్పుకున్నాడు. ఇంకా ఒక పని మిగిలింది, నిజానికి మొదట చేయాల్సింది. బండి ఎందుకు కాగింది? ఏ దారి ఎంచుకున్నా కారణం పట్టుకోకపోతే కొత్త ఇంజన్ కూడా పాతదాని దారే పడుతుంది. మిస్త్రి రేడియేటరు కోసి చూపించాడు. సన్నని గొట్టాల్లో తెల్లగా సున్నం గట్టిపడి సగానికి పైగా మూసుకుపోయింది. తప్పు బండిది కాదు. ఇంటి బోరు నీళ్లు, ఐదారేళ్లుగా. "కూలెంట్ ఎందుకు సార్ దండగ, నీళ్లు చాలు" అని ఎవరో చెప్పారట. మన దగ్గర బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. మరిగే నీళ్లలో అవి గోడలకు పట్టుకుంటాయి, ఇంట్లో గీజరులో పట్టినట్టే. కూలెంట్ పని తుప్పు ఆపడమే కాదు, మరిగే వేడిని కూడా పెంచుతుంది. మూత గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి వల్ల నీళ్లయినా 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు. రెండు వందల రూపాయల రేడియేటరు మూతలో రబ్బరు పోతే ఆ లాభం కూడా పోతుంది. బావ బండి మూతలో రబ్బరు రాయిలా ఉంది.

ఇరవై రోజులన్నది ఇరవై ఎనిమిది రోజులైంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ బరువు పెట్టకుండా, ఒకే స్పీడులో తోలకుండా, పెద్ద గేరులో ఈడ్చకుండా నడిపి ఆయిల్ మార్చాం. ఆ తీసిన ఆయిల్లో మెరుస్తున్న రజను చూసి బావకు టెన్షన్ పట్టుకుంది. కొత్త రింగులు, బోరు ఒకదానికొకటి సర్దుకునే రజను అది, మామూలే. రెండోసారి మార్చినప్పుడు లేదు. ఇప్పటికి ముప్పై వేల కిలోమీటర్లు దాటింది, సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఆయిల్ పోయాల్సిన అవసరం రాలేదు.

2026 జనవరి జాతరకు మాత్రం కారు ఇంట్లోనే పెట్టి హనుమకొండ నుంచి ఆర్టీసీ బస్సెక్కాడు.